ఆర్.కె. పురంలో అమెరికా ఇనుప పాటలు

పార్లమెంటు సమావేశాలు లేని వారాల్లో రాజధాని విలేకరికి మిగిలేవి రెండే పనులు. మంత్రివర్గంలో మార్పులు రానున్నాయన్న వదంతులు వినడం మొదటిది. విన్నవాటిని నమ్మకుండా ఉండడం రెండోది. ఎండలు ముదిరి, వడగాడ్పులకు వదంతులు సైతం వాడిపోయిన గత ఆదివారంనాడు ఆ రెండింటికీ సెలవిచ్చి రామకృష్ణపురం వెళ్లాను. ఢిల్లీలో ఆ పేరు పూర్తిగా పలికేవారు తక్కువ, ఆర్.కె. పురమంటేనే ఎవరికైనా తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లకు పేరుపడిన ఆ ప్రాంతంలో తెనాలివాసి ఒకరు చిరకాలంగా కాపురముంటున్నారు. ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. మితభాషి. ఫైలుమీద నోటు రాస్తే కామా కూడా స్థానం తప్పదని ఆయనకు పేరు. వచ్చే జనవరిలో పదవీ విరమణ చేయనున్నారు. “కాఫీకి రండి, ఒక విషయంలో మీ సలహా కావాలి” అని ఫోనులో అన్నప్పుడు పింఛను సంగతో, ఇంటి స్థలం సంగతో అయి ఉంటుందనుకున్నాను.

సంగతి వేరు. వెనుకగదిలో గోడ పొడవునా ఇనుప అర, అందులో నిలువుగా పేర్చిన రికార్డులు కనిపించాయి. లెక్కకు 212. త్యాగరాజ కృతులో, పాత సినిమా పాటలో అయి ఉంటాయని ఒకటి బయటికి లాగాను. అట్టమీద కత్తి పట్టిన యోధుడు. మరొకదానిమీద నాగుపాము వంటి రాక్షసాకారం. ఇంకొకదానిమీద పుర్రెల గుట్ట. ఫండమెంటల్ రూల్సు కంఠస్థంగా గల ఈ పెద్దమనిషి ఇంట్లో ఇవేమిటని నేను తెల్లబోయి చూస్తుంటే, ఆయన శ్రీమతి కాఫీ అందిస్తూ, “ఇవి మా సవతులు, అన్నయ్యగారూ. మొత్తం 212 మంది” అన్నారు.

అవి అమెరికాలో 1980 దశకంలో వెలువడిన ‘పవర్ మెటల్’ రికార్డులు.

హెవీ మెటల్ అన్న మాట మన పట్టణాల యువతరానికి కొత్తది కాదు. 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో మెటాలికా బృందం కచేరీ రద్దయినప్పుడు కోపించిన శ్రోతలు వేదికమీద పడి సామగ్రి విరగ్గొట్టిన వార్త రాజధాని పత్రికలన్నిటా వచ్చింది. కాని మా మిత్రుడు సేకరించినది ఆ వటవృక్షపు ఒక కొమ్మను మాత్రమే. గిటారు మోత, మద్దెల వేగం మెటల్‌లో అంతటా ఉన్నవే. పవర్ మెటల్‌లో వాటికి పైన రాగం ఉంటుంది. గాయకుడు గొంతు చించుకోడు. తారస్థాయికి ఎక్కి అక్కడ నిలిచి పాడతాడు. వస్తువు ప్రేమకలాపం కాదు. యుద్ధాలు, పురాణవీరులు, శాపగ్రస్తులైన రాజులు. తరువాతి కాలంలో ఐరోపావారు, ముఖ్యంగా జర్మన్లు, ఇదే పేరుతో మరింత సుకుమారమైన బాణీ ఒకటి పెంచారు. అమెరికా బాణీ దానికన్నా ముందరిది, గరుకైనది.

ఆయన ఒక రికార్డు ఎంచి, అంచులు మాత్రమే అరచేతులకు తగిలేలా పట్టుకుని, మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి యంత్రంమీద ఉంచారు. కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరివారైన జాగ్ పాంజర్ బృందం 1984లో వెలువరించిన ‘ఏంపుల్ డిస్ట్రక్షన్’. మొదటి నిమిషంలో పారిపోవాలనిపించిన మాట దాచను. రెండో పాటకు వచ్చేసరికి ఆ గాయకుడి ఆలాపన నాకు ఎక్కడో విన్నట్టే తోచింది. అదే మాట ఆయనతో అంటే నవ్వి, “మా నాన్నగారూ అంతే అన్నారండీ. ‘వీడు రాగం బాగానే తీస్తున్నాడురా, హార్మోనియం ఏదీ?’ అని అడిగారు” అన్నారు.

ఆ ప్రశ్న వెక్కిరింత కాదు. పాండవోద్యోగ విజయాలు చూడడానికి తెల్లవార్లూ చాపలమీద కూర్చున్న తరం వారిది. పద్యం చివర గొంతు పైకెక్కి, ఎక్కినచోటే నిలిచి, సభనుంచి ‘వన్స్‌మోర్’ వచ్చేదాకా దిగిరాని నటులను విన్నవారికి ఈ అమెరికా కుర్రవాళ్ల ధోరణి బొత్తిగా పరాయిదిగా తోచకపోవడంలో వింత లేదు. వీరరసం, తారస్థాయి, రాజుల కథ. తబలా బదులు డ్రమ్ములు.

ఈ పిచ్చి ఆయనకు పట్టిన తీరు విచిత్రమైనది. 1985లో ఆయన పెదనాన్నగారి అబ్బాయి ఇంజనీరింగు పై చదువులకు కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నగరం వెళ్లాడు. అది విమానాల కర్మాగారాల ఊరు. రెండేళ్ల తరువాత సెలవులకు వచ్చినప్పుడు సూట్‌కేసులో చీరల మడతల మధ్య ఒక రికార్డు పెట్టి తెచ్చాడు. “ఇది మా ఊరి బృందంరా, సొంత డబ్బులతో వేసుకున్నారు” అని తమ్ముడి చేతిలో పెట్టాడు. ఆ బృందం పేరు మనీలా రోడ్. రికార్డు పేరు ‘క్రిస్టల్ లాజిక్’, 1983. దానిని ప్రచురించిన ‘రోడ్‌స్టర్’ సంస్థ ఆ బృందంవారిదే. తెనాలిలో నాన్నగారి ఫియెస్టా రికార్డు ప్లేయరుమీద మొదటిసారి మోగింది. పక్కింటివారు వచ్చి, ఏమైనా ప్రమాదం జరిగిందా అని అడిగిపోయారట.

ఆ సొంత డబ్బు సంగతిలోనే ఈ సేకరణ మర్మమంతా ఉన్నది. ఈ సంగీతం న్యూయార్కు, లాస్ ఏంజిలిస్ పెద్ద కంపెనీల పెరట్లో పుట్టినది కాదు. వెంచురా పట్నంవారైన కిరిత్ ఉంగోల్ బృందం 1981లో ‘ఫ్రాస్ట్ అండ్ ఫైర్’ను తామే అచ్చు వేసుకున్నది. సియాటిల్ ప్రాంతపు క్వీన్స్‌రైక్ బృందం 1983లో తొలి రికార్డును ‘206’ అనే సొంత ముద్రతో తెచ్చింది. 206 అన్నది ఆ ఊరి టెలిఫోను కోడు! తరువాత ఇ.ఎం.ఐ. కంపెనీవారు దానినే తీసుకుని మళ్లీ వేశారు. అట్టలోపలి రికార్డు ఒకటే. మధ్య చీటీ మాత్రం వేరు. సేకర్తకు ఆ చీటీలోనే ఉన్నది తేడా అంతా. ఫ్లోరిడాలో సావటాజ్, లాస్ ఏంజిలిస్‌లో ఓమెన్, కనెక్టికట్‌లో ఫేట్స్ వార్నింగ్, ఇలా ఊరికొక బృందం, బృందానికొక చిన్న ప్రచురణకర్త. పెద్ద కంపెనీవారు దయతలచినవి కొద్ది. మానోవార్ బృందం 1982లో వేసిన తొలి రికార్డు ‘బాటిల్ హిమ్స్’లో ఒక పాటకు వ్యాఖ్యానం చెప్పినవారు సాక్షాత్తూ ఆర్సన్ వెల్స్! ‘సిటిజన్ కేన్’ నిర్మాత గొంతు ఇక్కడ వినిపిస్తుందని సినిమా అభిమానుల్లో ఎందరికి తెలుసు?

ఈ బాణీ పుట్టుక, క్షీణత కూడా రికార్డుతోనే ముడిపడినవి. 33⅓ వేగపు లాంగ్ ప్లే రికార్డును కొలంబియా కంపెనీ 1948లో ప్రవేశపెట్టింది. ఒక్కొక్క ముఖానికి ఇరవై, ఇరవై రెండు నిమిషాల పాట. పవర్ మెటల్ బృందాలు తమ కథలను ఆ కొలతకే కోసుకున్నాయి: మొదటి ముఖం చివర ఒక యుద్ధం ముగియాలి, రెండో ముఖం చివర రాజు మరణించాలి. పన్నెండంగుళాల అట్టమీద చిత్రపటం ఉండాలి. 1988 నాటికి అమెరికాలో కాంపాక్ట్ డిస్కుల అమ్మకం రికార్డులను మించింది. 1991లో నిర్వాణా బృందం ‘నెవర్‌మైండ్’ వచ్చి యువతరం అభిరుచినే తిప్పివేసింది. కత్తులు, కిరీటాలు నవ్వులపాలయ్యాయి. చిన్న ప్రచురణకర్తలు దుకాణాలు కట్టేశారు. కొన్ని వందలో, కొన్ని వేలో వేసిన రికార్డులు పాతసామాన్ల అంగళ్లు చేరాయి. సేకర్తల పని అక్కడ మొదలయింది.

మా మిత్రుడి పని కూడా అప్పుడే మొదలయింది. కాని కారణం వేరు.

1991లో తెనాలి ఇల్లు అమ్మేశారు. ఆయన అప్పటికే ఢిల్లీ ఉద్యోగంలో ఉన్నారు. నాన్నగారి పెట్టెలో నలభైకి పైగా గ్రామఫోను ప్లేట్లు ఉండేవి. స్థానం నరసింహారావు, కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి పద్యాలు, పాటలు. అవి లక్క ప్లేట్లు. మన ఛోటా నాగపూరు అడవుల లక్క ఒకప్పుడు ప్రపంచమంతటా గ్రామఫోను కంపెనీలకు ముడిసరుకై పోయేదన్నది మరచిపోరాని సంగతి. ప్లేటు జారిపడితే ముక్కలు, నిలిచినన్నాళ్లు బరువు. ఢిల్లీ రైలులో అంత బరువు ఎందుకని అందరూ అన్నారు. పాతసామాన్లవాడు వచ్చాడు. ప్లేట్లతోబాటు ఫియెస్టా పెట్టె కూడా తీసుకుని ఒక స్టీలు బిందె, రెండు పళ్లేలు ఇచ్చిపోయాడు. “నేను సెలవు దొరకక వెళ్లలేదండీ. వెళ్లి ఉన్నా ఆపి ఉండేవాణ్ణి కాదు, ఆ వయసు అటువంటిది” అన్నారు మిత్రుడు. మరుసటి ఏడాది తండ్రి కాలం చేశారు. ఆఖరి రోజుల్లో కపిలవాయి పద్యమొకటి వినాలని అడిగితే వినిపించడానికి ఇంట్లో ఏమీ లేదు.

ఆ తరువాత ఆయన తన దగ్గరున్న ఒక్క రికార్డునూ తీసి దుమ్ము తుడిచారు. అది ‘క్రిస్టల్ లాజిక్’.

సేకరణ సులువుగా సాగలేదు. ఆ రోజుల్లో సామాన్యుడు విదేశానికి పది డాలర్లు పంపాలంటే బ్రహ్మప్రళయం. దరియాగంజ్ ఆదివారం బజారులో ఏడాదికొకటి తగిలేది. 1994లో సోవియట్ మెలోడియా రికార్డుల కట్టలో క్వీన్స్‌రైక్ దొరికితే పదిహేను రూపాయలిచ్చి తెచ్చుకున్నారు. ఆ బజారును 2019లో కాలిబాటనుంచి ఎదుట ఉన్న మహిళా హాట్ ఆవరణలోకి మార్చారు. అందులో ఇప్పుడు రికార్డులకన్నా పోటీపరీక్షల గైడ్లే ఎక్కువ. జుమ్మా మసీదు దగ్గరి మీనా బజారు కొట్లలో గజళ్లూ, హిందీ సినిమా పాటలూ రాశులుగా ఉండేవి గాని ఈ సరుకు ఉండేది కాదు. అలహాబాదులో 1993లో మొదలయిన ‘రాక్ స్ట్రీట్ జర్నల్’ చదివి, దేశంలో తనవంటి వెర్రివాళ్లు మరికొందరున్నారని ఊరట చెందారట.

చివరికి మార్గం చూపినది వస్తుమార్పిడి. మన హిందీ సినిమా రికార్డులకు, ముఖ్యంగా ఆర్.డి. బర్మన్ సంగీతానికి, విదేశాల్లో గిరాకీ ఉన్నదని ఒక జర్మన్ సేకర్త ఉత్తరం ద్వారా తెలిసింది. మీనా బజారులో బర్మన్ కొని జర్మనీకి పంపడం, అక్కడినుంచి ఓమెన్‌ను రప్పించడం. ఇరవై ఏళ్లకు పైగా ఈ లావాదేవీ సాగింది. ఆ జర్మన్‌ను ఆయన ముఖాముఖి చూడనే లేదు. తరువాత చట్టం కూడా బిగిసింది. విదేశాలనుంచి తపాలాలో వచ్చే బహుమతులకున్న సుంకం మినహాయింపును, రాఖీలకూ ప్రాణావసర ఔషధాలకూ తప్ప, 2019 డిసెంబరులో తీసివేశారు. మిత్రుడు పంపిన రికార్డుకైనా సుంకం కట్టి విడిపించుకోవలసిందే. ఈయన రసీదులన్నీ ఫైలు చేసి ఉంచారు.

రికార్డును పోల్చుకునే విద్య వినడానికి ముచ్చటగా ఉంటుంది. పాట ముగిసిన తరువాత చీటీకీ, గాడులకూ నడుమ నునుపైన వలయం ఉంటుంది. అందులో అచ్చుదిమ్మె సంఖ్య చెక్కి ఉంటుంది. వెలుతురుకు వంచి పట్టుకుంటేనే కనబడుతుంది. అది తొలి ముద్రణా, మలి ముద్రణా, దొంగ ముద్రణా అన్నది ఆ గీతలే చెబుతాయి. అట్టకు అట్ట, రికార్డుకు రికార్డు విడివిడిగా నాణ్యం కడతారు. ఢిల్లీ వాతావరణం దీనికి బద్ధశత్రువు. మే నెల వేడికి పడుకోబెట్టిన రికార్డు వంగిపోతుంది. ధూళి తుపాను వస్తే గాడులు నిండిపోతాయి. శ్రావణంలో అట్టలకు బూజు. అందుకే నిలువుగా పేర్చడం, కిటికీకి మందపు తెర, నెలకొకసారి డిస్టిల్డ్ వాటరుతో స్నానం. “మా పెళ్లిరోజు మరిచారు గాని వీటి స్నానం ఎన్నడూ మరవలేదు” అని లోపలినుంచి మరొక మాట వినిపించింది.

ఇంతకూ ఈ పాటలు ఈనాడు ఫోనులో దొరుకుతాయి కదా అని పాఠకులు అడగవచ్చు. పుణెలో ఉద్యోగం చేస్తున్న ఆయన కుమారుడూ అదే అడిగాడట. ‘అన్నీ ఇందులో ఉన్నాయి నాన్నా, ఆ బరువు ఎందుకు?’ మిత్రుడు జవాబు చెప్పకుండా ‘క్రిస్టల్ లాజిక్’ పాత రికార్డు పెట్టి, తరువాత ఫోనులోదీ వినిపించారు. ఫోనులో మొదట మోగిన పాట అసలు రికార్డులో లేనే లేదు! మరొక సంకలనానికి పాడిన పాటను తరువాతి ముద్రణలో తెచ్చి ముందు చేర్చారు. అది మంచి పాటే. కాని ఆ బృందం 1983లో లోకానికి తమను ఎలా పరిచయం చేసుకున్నదన్న సంగతి ఇప్పుడు ఆ పాత రికార్డుకు మాత్రమే తెలుసు. మాతృకలు భద్రమనుకోవడం కూడా భ్రమే. 2008 జూన్ 1న హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో మూలటేపులు పెద్దయెత్తున కాలిపోయాయన్న సంగతి 2019 దాకా ప్రజలకు తెలియనే లేదు. పెద్ద కంపెనీ గతి అది అయితే గ్యారేజీలో టేపులు దాచుకున్నవారి మాట చెప్పనేల?

జనం మరచిన ఆ బృందాలను మళ్లీ వేదిక ఎక్కించినది ఎవరు? ప్రభుత్వాలు కావు, కంపెనీలు కావు. రికార్డులు దాచుకున్న శ్రోతలే. జర్మనీలోని లౌడా-కోనిగ్స్‌హోఫెన్ అనే చిన్న పట్నంలో 2003నుంచి ‘కీప్ ఇట్ ట్రూ’ అనే ఉత్సవం మొదలయింది. అమెరికాలో సొంత ఊరివారే ఎరుగని వృద్ధ గాయకులను పిలిపించి, వేలమంది వారి పాటలు కంఠతా పాడారు. ఫేట్స్ వార్నింగ్‌వారు 1986నాటి తమ రికార్డును ముప్పై ఏళ్లకు, 2016లో, పాత గాయకుడితో సహా అక్కడ ఆమూలాగ్రం వినిపించారు. మనీలా రోడ్ నాయకుడు మార్క్ షెల్టన్ 2018 జూలైలో జర్మనీలోనే ఒక ఉత్సవంలో పాడి, ఆ వెంటనే అక్కడే కన్నుమూశారు. ఆ వార్త విన్న రాత్రి మా మిత్రుడు ఆఫీసు ఫైళ్లు ముట్టుకోలేదట.

ఇటువంటి ఉపకారం మనకూ ఒక విదేశీయుడు చేసిపెట్టాడు. చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సినిమా వాద్యకారుడు 1982లో సింథసైజరుమీద పది రాగాలు డిస్కో తాళంలో వాయించి ఒక రికార్డు ఇచ్చారు. మనవాళ్లెవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్లకు అది ఢిల్లీలోనే ఒక డచ్ సేకర్త కంటపడింది. 2010లో ఐరోపాలో పునర్ముద్రణ పొంది ఆయనకు లోకమంతా పేరు తెచ్చింది. ఆ రికార్డు ఉన్న కొట్టు ముందునుంచి నేను ఎన్నిసార్లు నడిచి ఉంటానో!

ఇక సలహా మాట. పదవీ విరమణ చేసిన కొద్ది నెలల్లో క్వార్టరు ఖాళీ చేయాలి. పుణెలో కుమారుడిది రెండు గదుల ఇల్లు. అట్టలతో సహా రికార్డులు యాభై కిలోలకు పైమాటే. ఒక సాంస్కృతిక సంస్థకు విరాళమిస్తానని రాస్తే, విదేశీ సంగీతం తమ పరిధిలోకి రాదని మర్యాదగా జవాబు వచ్చింది. ఆ జవాబులో తప్పు పట్టలేము. అయితే నాకు తోచిన ప్రశ్న మరొకటి. మన సంగీతమైనా ఎవరి పరిధిలో ఉన్నది? 1954నాటి చట్టం ప్రకారం ప్రతి ప్రచురణకర్తా తన పుస్తకం ప్రతులను కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ పంపాలి. 1956లో పత్రికలనూ అందులో చేర్చారు. ధ్వనిముద్రణల ఊసు ఆ చట్టంలో లేదు. అమెరికాలో ప్రచురితమైన రికార్డులకు కాంగ్రెస్ గ్రంథాలయంలో ప్రతులు దాఖలు చేయాలన్న నిబంధన ఉన్నది. అక్కడ కూడా చిన్నవాళ్ల పాటలకు చివరికి సేకర్తలే దిక్కయ్యారంటే, నిబంధన కూడా లేని మన గతి ఊహించుకోవచ్చు. మదరాసులో వి.ఏ.కె. రంగారావుగారు వేలాది ప్లేట్లు కూర్చి, వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసి ఉండకపోతే తెలుగు గ్రామఫోను చరిత్ర ఎంత మిగిలేది?

మా మిత్రుడి రికార్డులన్నీ తీసుకుంటానని ఆ జర్మన్ సేకర్త అంటున్నాడు. వెల కూడా గౌరవంగానే ఇస్తాడు. పంపాలా వద్దా అన్నదే ప్రశ్న. “అక్కడ వినేవాళ్లున్నారు, ఇక్కడ నేనొక్కణ్ణే” అన్నారు. అయితే పంపించండి అన్నాను. పాటకు విలువ వినేవాడి దగ్గర. కాసేపు మౌనంగా ఉండి, “211 పంపుతాను. విచిటాది మాత్రం నాతోనే” అన్నారు. లోపలినుంచి ఈసారి మాటేమీ రాలేదు.

వచ్చేముందు ఒక రిజిస్టరు చూపించారు. ప్రభుత్వపు స్టాకు రిజిస్టరు వంటిదే. క్రమసంఖ్య, పేరు, ముద్రణ, వలయంలోని గీతలు, వచ్చిన తేదీ, స్థితి, రిమార్కులు. 212 పద్దులూ ముత్యాలవంటి అక్షరాల్లో ఉన్నాయి. మొదటి రెండు పుటల్లో మాత్రం వేరే జాబితా. జ్ఞాపకం ఉన్నంతవరకు నాన్నగారి ప్లేట్లు, గాయకుడి పేరుతో, పద్యం పేరుతో. పదిహేడు గుర్తుకొచ్చాయి. రిమార్కుల గడిలో పదిహేడింటికీ ఒకే వాక్యం: “1991లో స్టీలు సామానుకు మార్చబడినది.”

ఈ లేఖ చదివే ఇళ్లలో అటకలమీద ఇటువంటి పెట్టెలు ఇంకా కొన్ని ఉండి ఉంటాయి. దాచే చోటు లేకపోవచ్చు. పాడే యంత్రం చెడిపోయి ఉండవచ్చు. ఇచ్చివేయడం నేరం కాదు. ఇచ్చేముందు ప్లేటు మధ్య చీటీమీది పేరు, సంఖ్య ఒక కాగితంమీద రాసుకుని, అవి వినే మనిషి ఎవరైనా ఉన్నారేమో ఒక నెల వెదకండి. బిందెలు బజారులో ఎప్పుడైనా దొరుకుతాయి.